అరుణాదేవి విప్పిన ఆల్టర్నేటర్

యాభయ్యో ఏట డ్రైవింగు నేర్చుకున్న అరుణాదేవికి ఆ కారంటే ప్రాణం. అంతకుముందు ఎక్కడికి వెళ్లాలన్నా, ఎవరో ఒకరు తీరిక చేసుకుని తీసుకెళ్లేదాకా చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చున్న మనిషి మరి! అలాంటి కారు మొన్న పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద నడిమధ్యలో ఆగిపోయింది. బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించే ఆల్టర్నేటర్ పాడైందట. వెనక హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతుంటే, పక్క సీట్లో ఉన్న భర్త రామ్మోహనరావుకు చెమటలు పట్టేశాయి.

"ఇక చాలు, అమ్మేద్దాం," అన్నాడాయన, కారును లాగించుకుని ఇంటికొచ్చాక. యూసుఫ్‌గూడలో పాత కార్లు కొనే దినేశ్‌కు ఫోన్ కూడా చేసేశాడు.

"ఆదివారం దాకా ఆగండి. నేనే మారుస్తాను. నా వల్ల కాకపోతే మీ ఇష్టం," అంది అరుణాదేవి.

"నువ్వా! కుక్కర్ గాస్కెట్ మార్చడం అనుకున్నావేంటి?"

"ఆ గాస్కెట్ అయినా మీరెప్పుడన్నా మార్చారా?"

ఆయన పేపర్లో తల దూర్చేశాడు.

ఆదివారం, అమీర్‌పేటలోని తమ అపార్ట్‌మెంట్ సెల్లార్లో, పాత చుడీదార్ వేసుకుని పనికి దిగింది. ఫోన్లో వీడియో పెట్టుకుని ముందు బ్యాటరీ వైరు తీసింది. ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు విప్పి గోడ పైపుకు తగిలించింది. పాత ఆల్టర్నేటర్ బోల్టులు మొండికేశాయి గానీ, ఈవిడ వాటికన్నా మొండిది. సనత్‌నగర్ నుంచి తెచ్చిన కొత్తది బిగించేసరికి నడుం పట్టేసింది. పైకెళ్లి కాఫీ తాగొచ్చి, సెల్లార్ గుడ్డి వెలుతురులోనే బెల్టు ఎక్కించి, చార్జింగ్ పెట్టించిన బ్యాటరీ కలిపి తాళం తిప్పింది.

కీచుమని ఒకటే అరుపు! సెల్లారంతా మారుమోగిపోయింది. ఎదురుగా బ్యాటరీ గుర్తున్న ఎర్రదీపం ఆరనే లేదు. సరిగ్గా అప్పుడే దినేశ్ వచ్చాడు, వెనకాలే రామ్మోహనరావు.

"ఏందమ్మా గీ లొల్లి? మస్తు ఖరాబైనట్టుంది. ఫికర్ చేయకుర్రి, నేను తీస్కపోత," అన్నాడు దినేశ్.

ఇంజన్ ఆపేసింది. మళ్లీ చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చోవడమే! ఆశ చావక బెల్టు తడిమి చూసింది. వేళ్లకు జిడ్డు. టార్చి వేస్తే నారింజ రంగు. వాసన చూస్తే నువ్వులనూనె. ఆంజనేయస్వామి సిందూరం!

"ఏమండీ!"

రామ్మోహనరావు స్తంభం చాటుకు జరిగాడు. "నువ్వు కాఫీకి వెళ్లినప్పుడు... బెల్టు తిరిగే ఆ చక్రానికి కాస్త బొట్టు పెట్టాను. కాస్త ఎక్కువే అంటుకుందేమో."

"ఎందుకూ?"

"కొత్తది కదా. నీ పని సవ్యంగా అవ్వాలని పొద్దున్నే గుడికెళ్లి తెచ్చాను."

"అమ్మేద్దామన్నది మీరే కదండీ!"

"ఆ రోజు ఫ్లైఓవర్ మీద భయమేసి అన్నాను. కారు పోయాక నీ మొహం ఎలా ఉంటుందో తలుచుకుంటే ఇంకా భయమేసింది."

కోపం రావాల్సిన అరుణాదేవికి నవ్వొచ్చింది. జిడ్డుకి బెల్టు జారిందంతే, తను బిగించినదాంట్లో తప్పేమీ లేదు! గుండెల మీంచి బండ దింపినట్టయింది. బెల్టు విప్పి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టింది. చక్రాన్ని తుడిచే పని మాత్రం ఆయనకే అప్పజెప్పింది. ఆయన భుజం మీది తువ్వాలుతోనే జిడ్డంతా వదలగొట్టాడు.

మళ్లీ తాళం తిప్పింది. ఇంజన్ బుద్ధిగా తిరిగింది. ఎర్రదీపం ఆరిపోయింది.

"హమ్మయ్య!" అన్నారు మొగుడూ పెళ్లాం ఒక్కసారే.

దినేశ్ తల గోక్కున్నాడు. "మరి బండి ముచ్చట ఏంది సార్?"

"నన్నడుగుతావేంటయ్యా? బండి ఆవిడది," అంటూ రామ్మోహనరావు వెళ్లి, మొన్న చెమటలు పట్టిన ఆ సీట్లోనే కూర్చుని, సీటు బెల్టు పెట్టుకున్నాడు.

"ఎటు పోనివ్వమంటారు?" అంది అరుణాదేవి.

"ఫ్లైఓవర్ మీంచే పోనీ," అన్నాడాయన.