ఆదెమ్మ మానేసిన కూర

అట్లా కాదమ్మా దేవకుమారీ, మతి పోయిందన్న మాట కొట్టెయ్. మీ నాయనమ్మ ఆదెమ్మకి మతి పోలేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, నువ్వు మెల్లగా రాయి.

ఆ రోజు మిరప కల్లంలో ఎండ మండిపోతోంది. ముప్పై ఏళ్ళుగా కాయలు ఏరే ఆడవాళ్ళకి మీ నాయనమ్మే పెద్ద. రోజుకి ఎనిమిది రూపాయల కూలి. ఆమె చెయ్యి పడిన కుప్పలో తెల్లబారిన తాలు కాయ ఒక్కటి కనపడేది కాదు. అట్లాంటిది, పొద్దుటినుంచీ అందరూ ఏరిన తాలంతా మోసుకొచ్చి మంచి కాయలో కుమ్మరించింది. గుమాస్తా అరిచాడు. ఆదెమ్మ బిత్తరపోయి, బస్తాలు మోస్తున్న నా వంక చూసింది.

"కాళ్ళ కింద పత్తి పరిచారేందయ్యా, మెత్తగా దిగబడతన్నాయి" అంది.

"పత్తి చేలో ఉన్నాననుకుంటంది ముసల్ది" అంది పక్కనున్న హనుమాయమ్మ. కల్లమంతా నవ్వింది. నేనూ నవ్వాను. అది కూడా రాయి.

సాయంత్రం సంఘ పెద్ద జక్రయ్య వచ్చాడు. "ఇది సాతాను పని ఏసోబన్నా. నలభై రోజులు ఒంటిపూట ఉంచు. ఆదివారం గుళ్ళో అందరి ముందర మోకాళ్ళ మీద నిలబెడదాం" అన్నాడు. అప్పటికే ఆమె ఒంటిమీద కండ లేదు. అయినా నేను తల ఊపాను.

మర్నాడు మీ నాన్న యేసుపాదం గుమ్మంలోకొస్తే, "ఎవరబ్బాయివి నాయనా?" అని అడిగింది. కన్న కొడుకుని. గుళ్ళోకి కాదు, గుంటూరు బస్సెక్కించాను.

డాక్టరమ్మ ఖుర్షిదా గారు చిన్న వయసే. ఆదెమ్మ నాలుక చూసింది, అరికాళ్ళు గిల్లి చూసింది. కాళ్ళ కింద పత్తి అంటే నవ్వలేదు, రాసుకుంది. రక్తం తీయించి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టింది.

"రక్తంలో కణాలు ఉబ్బిపోయి ఉన్నాయి. బి-పన్నెండు అనే విటమిన్ కరువైనట్టుంది. మెదడుకీ నరాలకీ అది కావాలి. ఏం తింటారీమె?"

నేను గొప్పగా చెప్పాను. ఉప్పెన వచ్చిన ఏడు మీ నాన్న వాడరేవులో పడవ పనికి పోయాడు. తొమ్మిది రోజులు జాడ లేదు. బిడ్డ తిరిగొస్తే నీసు కూర ముట్టనని, గుడ్డూ పాలూ కూడా ముట్టనని ఆదెమ్మ మొక్కుకుంది. బిడ్డ వచ్చాడు. ఎనిమిదేళ్ళుగా పచ్చడి మెతుకులే. సంఘమంతా మెచ్చుకుంది.

"మీరూ మానేశారా పెద్దాయనా?" అంది డాక్టరమ్మ.

ఆదెమ్మ మానేసిన ముక్కలు ఎనిమిదేళ్ళూ నా కంచంలోనే పడ్డాయి.

"ముసలితనంలో మరుపంతా ఇదే కాదు. కానీ దీనికి మందుంది. పోయిందెంత తిరిగొస్తదో చెప్పలేను. ఇంకా ఆలస్యం చేస్తే మాత్రం రాదు" అంది.

సూదిలో మందు ఎర్రగా ఉంది. ఆదెమ్మ చెయ్యి లాక్కుంది. "ఇందులో నీసుందా తల్లీ?"

"లేదమ్మా. కానీ ఇంటికెళ్ళాక గుడ్డూ చేపా కార్జమూ తినాలి."

కూర మాటకి ఆదెమ్మ మొహం తిప్పుకుంది. సూది మాత్రం వేయించుకుంది.

పది సూదులయ్యాక జక్రయ్య మళ్ళీ వచ్చాడు. "మొక్కు తప్పిస్తన్నావంట. ఆమె కూర తింటే మీ ఇద్దరికీ గుళ్ళో ప్రభువు బల్ల రొట్టె ఉండదు."

"మొక్కింది ఆమె, తిన్నది నేను. శిక్షేమన్నా ఉంటే నాకెయ్యి. దాని అన్నంలో వేలు పెట్టబాకు" అన్నాను.

లోపల్నించి ఆదెమ్మ మాట వినపడింది. "జక్రయ్యా, నీ పెళ్ళిలో కూర వండింది నేనే కదరా. మూడుసార్లు పెట్టించుకున్నావు, నాలుగోసారి అడగటానికి సిగ్గుపడ్డావు."

రెండు నెలల కింద అతని పేరు కూడా తెలియదామెకి. అతను నోరు తెరిచేలోపు గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"దేవుడు నా బిడ్డని కూరకి మారకం ఇచ్చాడంటావా? ఆ బేరం పెట్టింది నేను. ఆయన అడగలేదు" అంది. అక్కడే కూర్చుని, ఉడికిన గుడ్డు వలుచుకుని తినింది.

పోయిన ఆదివారం రొట్టె పళ్ళెం మమ్మల్ని దాటిపోయింది. ముందు చాప మీదనించి మేం లేవలేదు. వచ్చే ఆదివారమూ అక్కడే కూర్చుంటాం. అంతా బాగైపోయిందని రాయబాకు. నిన్న నన్ను చచ్చిపోయిన మా అన్న పేరుతో పిలిచింది. అది కూడా రాయి.

రాశావా? నాయనమ్మ చెల్లెలు రెబ్కా ఉంది కదా కనిగిరిలో, ఆమె కూడా ఆ రోజే అక్కతో కలిసి మొక్కుకుంది. ఈమధ్య బావి దగ్గరికి పోయి ఇంటి దారి వెతుక్కుంటోందని కబురొచ్చింది. ఆమెకి చదువు రాదు. రేపు బస్సెక్కి పోయి ఈ కాగితం ఆమెకి చదివి వినిపించమ్మా. మొగుడు ఆదాం కంచంలో కూర వేసుకుని అన్నానికి కూర్చున్నప్పుడు చదువు. అతను చెయ్యి ఆపేదాకా చదువు.