తోడికోడలి సిమెంటు కట్టు

"చిన్నదాని కాలికింద దిండు జారింది, కాస్త సర్దమ్మా," అని అత్తగారు హాల్లోంచి కేకేసింది. పెద్దకోడలు గిన్నెలు తోముతోంది. వాచిన వేళ్ళలో పీచు నిలవడం లేదు. చేతులు తుడుచుకుని వెళ్ళి దిండు సర్దింది, సర్దుతూ ఆ సిమెంటు కట్టును చూసి కుళ్ళుకుంది. పిల్లలు దానిమీద పువ్వులు గీశారు. మరిది దానికో ముద్దుపేరు కూడా పెట్టాడు. మెట్లమీద కాలు జారిన పుణ్యానికి తోడికోడలు మహారాణిలా సోఫాలో కూర్చుంటే, మంచినీళ్ళు కూడా చేతికే వస్తున్నాయి. విరిగితే అలా విరగాలి, నలుగురికీ కనబడేట్టు!

తన లూపస్ జబ్బుకు కట్టేదీ? ఉన్నదల్లా బుగ్గలమీద పాకిన ఎర్రదనం. అది చూసి వచ్చినవాళ్ళంతా "ఏం రంగు తేలావే!" అంటారు. అత్తగారైతే, "ఆ నిగారింపు చూసి జబ్బుమనిషంటే ఎవరు నమ్ముతారు?" అని తేల్చేసింది. డాక్టరమ్మ మాత్రం ఓపిగ్గా విడమరిచింది. "రోగాలతో పోరాడే కణాలు రోజూ చచ్చిపోతూనే ఉంటాయమ్మా. ఒళ్ళే వాటిని ఎప్పటికప్పుడు ఊడ్చేసుకుంటుంది. నీ ఒంట్లో ఎక్కువ చస్తున్నాయి, ఊడ్చడం వెనకబడుతోంది. మిగిలిన చెత్తను శత్రువనుకుని బతికున్న కణాలు విరుచుకుపడుతున్నాయి. ఈ వాపులూ మంటలూ అందుకే. మందులతో పాటు విశ్రాంతి కావాలి." ఇదంతా ఇంటికొచ్చి పూసగుచ్చినట్టు చెబితే, మొగుడు ఫోన్లోంచి తలెత్తకుండా, "ఊడ్చడం వెనకబడిందా? ఇల్లు చూస్తేనే తెలుస్తోందిలే," అని తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. ఆ నవ్వు ఇంకా ఆమె చెవుల్లోనే ఉంది.

సాయంత్రం అత్తగారు పిల్లల్ని తీసుకుని అలా బయటికెళ్ళగానే పెద్దకోడలు ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఆ కట్టు ఎప్పుడు విప్పుతారటా?" అసూయ తన గొంతులో తనకే వినిపించింది.

తోడికోడలు తల దించుకుంది. "ఎవరికీ చెప్పకక్కా. పోయినవారమే విప్పాల్సింది. ఎముక అతుక్కుందన్నారు. నేనే డాక్టర్ని కాళ్ళావేళ్ళా పడి ఇంకొన్నాళ్ళు ఉంచమన్నాను. పెళ్ళయ్యాక పట్టపగలు ఇలా కూర్చోవడం ఇదే మొదలు."

"ఈ వారమంతా నీ వంతు గిన్నెలు కూడా నేనే తోమానే!"

"తెలుసు. నువ్వు కాదనవని తెలిసే..." మాట పూర్తి కాకుండానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పెద్దామెకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు మాటలతో దులిపేద్దామని నోరు తెరిచింది కూడా. అంతలోనే తట్టింది. కూర్చోవడానికి దీనికి ఎముక విరగాల్సి వచ్చింది. మరి నాకేం విరగాలి?

అప్పుడే మొగుడు ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూనే, "టీ ఏదీ?" అన్నాడు.

ఆమె అలవాటుగా లేవబోయి ఆగింది. "కాలు కాస్త జరుపు," అంది తోడికోడలితో. పక్కనే కూలబడి, వాచిన పాదాలు అదే దిండుమీద పెట్టుకుంది.

"టీపొడి పై అరలో ఉంది," అంది మొగుడితో. "మూడు కప్పులు పెట్టండి."