చదివిపెట్టే గొంతు

"అమ్మాయ్, గొంతు ఆగిపోయింది!" అని అత్తగారు లోపలి గదిలోంచి కేకేసేసరికి కోడలు తడి దుప్పటి పిండుతోంది. ఆగింది అత్తగారి గొంతు కాదు. అది నిక్షేపంగా ఉంది, వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఆగింది కంప్యూటర్లోని గొంతు. అదీ సరిగ్గా హంతకుడెవరో డిటెక్టివ్ చెప్పబోయే చోట.

"దుప్పటి ఆరేసి వస్తానత్తయ్యా."

"దుప్పటి ఎక్కడికీ పారిపోదు. హంతకుడు పారిపోతాడు."

కోడలికి నవ్వొచ్చింది. విసుగూ వచ్చింది. ఆ ఇంట్లో ఈ రెండూ ఎప్పుడూ జంటగానే వస్తాయి.

అత్తగారికి చూపు మసకబారి, పుస్తకం ముక్కుకి ఆనించుకున్నా అక్షరాలు అలుక్కుపోవడం మొదలయ్యాక, డిటెక్టివ్ నవలల మీద బతికిన మనిషి గోడకేసి చూస్తూ కూర్చోవడం కోడలు చూడలేకపోయింది. "డాక్టరుకి చూపించాంగా, ఇంకేం చేస్తాం?" అన్నాడు భర్త. ఆమె ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తుంది. అందుకని పేజీని ఫొటో తీస్తే పైకి చదివిపెట్టే ప్రోగ్రాం ఒకటి, ఆఫీసుకీ వంటింటికీ మధ్య దొరికిన సందుల్లో రాసింది. ఇంకెవరికైనా పనికొస్తుందేమోనని దాన్ని కోడ్‌తో సహా ఇంటర్నెట్‌లో ఓపెన్ సోర్స్‌గా పెట్టేసింది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, బాగుచేసి తిరిగి ఇవ్వొచ్చు. వాడుకోవడానికి జనం విరగబడి వచ్చారు. బాగుచేసి ఇవ్వడానికి ఒక్కరూ రాలేదు.

మొదట్లో "చల్లగా ఉండమ్మా" అని రాసేవారు. క్రమంగా మాట మారింది. నిన్న చెప్పాను, ఇవాళ్టికీ బాగుచెయ్యలేదేం? ఉచితం అన్నాక ఇంతకన్నా ఏం ఆశిస్తాం? చేతకానప్పుడు పెట్టడం దేనికి? ఆఫీసుకి బస్సులో నిలబడి అవన్నీ చదువుకునేది. అక్కడికి వెళ్తే మేనేజరు, "మీటింగులో నోట్సు నువ్వు రాయమ్మా, నీకైతే పొందిగ్గా కుదురుతుంది" అనేవాడు. పొందిగ్గా కుదిరే పనులన్నీ ఎందుకో ఆమెకే కుదిరేవి. భర్త చెడ్డవాడేం కాదు. స్నేహితులొస్తే "మా ఆవిడ టైంపాస్‌కి చేసింది" అని గర్వంగా చూపించేవాడు. ఆ టైం ఎక్కడినుంచి వచ్చిందో ఎప్పుడూ అడగలేదు. ఆమె మొహం వాడిపోయి కనిపిస్తే మాత్రం నిజంగానే బాధపడేవాడు. "ఊరికే ఇచ్చి తిట్లు తినడం దేనికి? మానెయ్యరాదూ?" అని, ఆ నోటితోనే "నా నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?" అనేవాడు. చొక్కా కూడా ఊరికే ఇస్తున్నదేనన్న సంగతి ఇద్దరిలో ఒకరికే తట్టేది.

దుప్పటి ఆరేసి వచ్చి లోపమేమిటో పట్టుకుంది. సరిచేశాక, గొంతు పలుకుతోందో లేదో చూద్దామని తెర మీదున్నది చదవమంది. తెర మీద ఉన్నది నవల కాదు, ఫిర్యాదుల పేజీ. గొంతు తేనె పూసినట్టు చదివేసింది. "ఎన్నిసార్లు చెప్పాలి మీకు? ఇంత చిన్న పని చెయ్యడానికి ఇన్ని రోజులా? బాధ్యత ఉండక్కర్లేదూ?"

"ఎవడే వాడు?" అంది అత్తగారు.

"రిటైరైన హెడ్‌మాస్టారటండి. ఆయనకీ చూపు లేదు. రోజూ ఫోనుకి చెప్పి రాయిస్తారు." ఆమె ఆపబోయింది.

"ఉండు, చదవనీ."

గొంతు చదువుకుంటూ పోయింది. అత్తగారు తల వంచుకుని వింది. చివరికి నెమ్మదిగా, "కొత్త మాట ఒక్కటీ లేదే. అన్నీ ఈ ఇంట్లో విన్నవే. సగం నావే" అంది.

కోడలు గొంతు ఆపేసి, "ఈ ప్రోగ్రాం ఇంటర్నెట్‌లోంచి తీసేద్దామనుకుంటున్నానత్తయ్యా. మీకు మాత్రం పనిచేస్తుంది లెండి" అంది.

"తీసేస్తే ఆ మేష్టారు గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. అదెలా ఉంటుందో నాకు తెలుసు." అత్తగారి చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి కోడలి మోచెయ్యి పట్టుకుంది. "ప్రోగ్రాం ఉంచు. చాకిరీ మాను."

ఆ ఆదివారం ఆమె ఆ పేజీ పైన నాలుగు మాటలు రాసింది. ఇది నేను ఇష్టంతో చేసిన పని, ఇష్టం ఉన్నంతవరకే చేస్తాను. లోపం కనిపిస్తే కోప్పడకండి, మీరూ ఒక చెయ్యి వేయండి. కోడ్ రాకపోయినా చెవులుంటే చాలు.

కొందరు తిట్టి వెళ్ళిపోయారు. సరదాకి కోడ్ రాయడం నేర్చుకున్న నర్సు ఒకామె దాన్ని విప్పి చూసి, పేజీ మధ్యలో నోరు మూతపడే జబ్బుని శాశ్వతంగా నయం చేసి పంపింది. ఆ మార్పు చూస్తుంటే కోడలికి కళ్ళు చెమర్చాయి. ఒకరు తన పని అందుకోవడం ఎంత తేలిగ్గా ఉంటుందో ఆమెకి అంతవరకూ తెలియదు. హెడ్‌మాస్టారు మాత్రం చాలా రోజులు పలకలేదు. తరవాత రాశాడు: "కోడ్ నాకు రాదు. తప్పు ఉచ్చారణ వింటే మాత్రం ఒళ్ళు మండుతుంది. ఇది పనికొస్తుందా?"

బ్రహ్మాండంగా పనికొచ్చింది. కొత్త మార్పు ఏది చేసినా బయటికి వదిలేముందు ఆయనా అత్తగారూ వినాలని ఏర్పాటైంది. ఇద్దరూ ఫోన్లో గంటలకొద్దీ కొట్లాడుకునేవారు. "'శ'కీ 'ష'కీ తేడా ఆయన నాకు చెప్తాడుటే!" అని అత్తగారు మురిసిపోయేది.

అలా ఓ సాయంత్రం ఫోన్లో ఆ కొట్లాట జోరుగా సాగుతోంది. కోడలు నవ్వుకుంటూ వాళ్ళు చెప్పినవి దిద్దుతోంది. భర్త వచ్చి బ్యాగు పడేసి, "వంట ఇంకా మొదలుపెట్టలేదా?" అన్నాడు.

కోడలు కంప్యూటరు మూయబోయింది. అత్తగారు ఫోను పక్కన పెట్టింది. "అమ్మాయికి పనుంది. నువ్వు మొదలుపెట్టు."

"నాకు వంటేం వచ్చమ్మా?"

"నాకు కళ్ళు లేవు, నీకు వంట రాదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి పెట్టు అవుతాం. పద, చెయ్యి పట్టుకో."

అతను భార్య వంక చూశాడు. ఆమె "పోనీలెండి, నేను వస్తా" అంటుందని ఎదురుచూశాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆమె దాన్ని అక్కడే ఉంచుకుంది. అతను నవ్వేసి, తల్లిని నడిపించుకుంటూ వెళ్ళాడు.

కాసేపటికి వంటింట్లో పెద్ద గిన్నె పడ్డ చప్పుడైంది. "అయ్యో, నేల నిండా నీళ్ళు!" అని తల్లీ కొడుకూ ఒకేసారి అరిచారు. ఆమె అలవాటుగా లేచింది. వెళ్ళి, గది తలుపు దగ్గరగా వేసి, వచ్చి కూర్చుంది.