తడి గోడ విన్న మాట

పొద్దున్నే ఇనె చేసే మొదటి పని సున్నపు తొట్టి మూత తీసి, తేట మీద కట్టిన తెల్లటి పొర ఎత్తి పారెయ్యడం. మనుషులు వదిలే ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు ఉంటుంది కదా, ఆ పులుపు సున్నపు తేట ఘాటుకి తగిలిందంటే రెండూ ఒకదాన్నొకటి చంపుకుని రాయిలాంటి లవణమై కూర్చుంటాయి. ఆ ఊరి గోడలు గట్టిపడేదీ అలాగే. ఊపిరితో పాటు మాట కూడా అందులో ఉండిపోతుంది. గోరుతో గీరితే అన్నవాడి గొంతుతోనే బయటికొస్తుంది. అందుకే తొసా తీరంలోని ఆ ఊళ్ళో తాపీ పనివాళ్ళు తడి గోడ ముందు నోట్లో గడ్డిపరక కరుచుకుని పనిచేస్తారు.

పందొమ్మిదేళ్ళు తొకుజి మేస్త్రీ దగ్గర ఇనె చెయ్యని పని లేదు. నాచు జిగురు ఉడికించడం, జనపనార దువ్వడం, గోడని నున్నగా తోమడం, అన్నీ ఆవిడే. పేరు మాత్రం మేస్త్రీది. పోయిన శరత్కాలంలో, సాకే అనే బియ్యపు సారా కాచే కమేదా గారి గిడ్డంగికి చివరి పూత పూస్తున్న రోజున, మేస్త్రీ కావాలనే నోట్లో పరక తీసేశాడు.

"ఇనె, నా తరవాత ఈ తాపీ నీదే. గోడే సాక్షి."

తాపీ ఇవ్వడమంటే మేస్త్రీ పదవి ఇవ్వడమే. ఆ చుట్టుపక్కల ఆడదానికి అంత మాట ఇచ్చినవాడు లేడు. ఇనె నీళ్ళు తెచ్చే నెపంతో బావి దగ్గరికి పోయి కరువుతీరా ఏడ్చింది.

చలికాలంలో మేస్త్రీ పోయాడు. నలభై తొమ్మిదో రోజు కర్మకి, పట్నంలో రేడియోలు అమ్ముకునే కొడుకు షుయిచి దిగి తాపీ తనదన్నాడు. సున్నం తట్ట ఎత్తడం కూడా రాదు మహానుభావుడికి. ఇనె గొడవపడలేదు, గోడనే అడుగుదాం రండి అంది. అది న్యాయమేనని చుట్టాలంతా కమేదా గిడ్డంగికి బయల్దేరారు.

ఇనె గోరుతో గీరింది. గోడే సాక్షి అన్న మాటతో సహా మేస్త్రీ గొంతు పలికింది. షుయిచి తల దించుకున్నాడు. మేస్త్రీ అక్కగారైతే అప్పుడే ఇనెకి వంగి దణ్ణం కూడా పెట్టేసింది. అక్కడితో చెయ్యి తీసేసి ఉంటే సరిపోయేది. పిచ్చి మొహంది, ఆ గొంతు ఇంకాస్త విందామని మరో జానెడు గీరింది.

గోడలో కమేదా నవ్వాడు. "నిజంగానే ఇచ్చేస్తావేంటయ్యా?"

"ఏదో ఒక ఆశ పెట్టాలి కదండీ. లేకపోతే అలాంటి మనిషి ఏరు దాటి ఇంకో మేస్త్రీ దగ్గరికి పోతుంది. తాపీ మా అబ్బాయిదే. పొయ్యండి, ఇంకో గిన్నె."

నలభయ్యేళ్ళు గోడలు పూసినవాడు, పనైపోయిందన్న సంబరంలో సాకే ముందు పరక సంగతే మర్చిపోయాడు. కమేదా తన చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. చుట్టాలు ఒక్కొక్కరే జారుకున్నారు.

షుయిచి చెడ్డవాడేం కాదు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "రేపు బడి గోడ పనుంది. ఎప్పట్లాగే వచ్చెయ్యి, ఇనె అక్కా," అన్నాడు.

ఇనెకి ఒళ్ళు మండిపోయింది. కన్నతండ్రి కన్నా ఎక్కువగా తను చూసుకున్న మేస్త్రీ, నిలదీద్దామంటే లేడు. ఆ జానెడు మేరా కొత్త పూత వేసి మూసెయ్యమని కమేదా బతిమాలాడు. ఉండనీండి, వచ్చేవాళ్ళు వింటారు, అనేసి వెళ్ళిపోయింది.

మర్నాడు ఏరు దాటింది. ఆవిడ పనితనం ఎరిగిన అవతలి ఊరి మేస్త్రీ ఎదురొచ్చి, టీ ఇచ్చి, నా తరవాత అంతా నువ్వే చూసుకుందువుగాని అన్నాడు.

"మాట వద్దండీ. కాగితం మీద రాసివ్వండి."

అతను కలం తీసి సిరాలో ముంచాడు. 'సున్నం కలిపే మనిషి' అని మాత్రమే రాసి కాగితం ఆవిడ వైపు జరిపాడు. ఇనె సంతకం పెట్టింది.