ఒగ్గుముడి

నేను ఒక గుండుని. గుండు అనగానే తల తడుముకోకండి, తిరుపతి గుండు కాదు. సీసపు గుండుని. సొరకాయ పిందె ఆకారం, పిడికిట్లో పట్టనంత లావు, నెత్తిన ఒక ఇనప కడియం. నా పనేమిటంటారా? మునగడం. పుట్టిన దగ్గర్నుంచీ అదొక్కటే పని. "నిండా మునిగినవాడికి చలేమిటి" అని మీరు సామెత చెప్పుకుంటారు చూడండి, అది ఎప్పుడూ మునగనివాళ్లెవరో కట్టిన సామెత. చలిగానే ఉంటుంది.

నన్ను పోసినవాడు కొర్లయ్య. భీమిలి పక్క సముద్రం మీద బతికిన జాలరి. అక్కడ చేప కరువయ్యాక తనవాళ్లతో కలిసి కొండలు దాటి వచ్చి, కృష్ణకి అడ్డం కట్టిన ఆనకట్ట వెనక ఒడ్డు కనపడకుండా నిలిచిన నీళ్ల పక్కన టార్పాలిన్ గుడిసె వేసుకున్నాడు. ఇక్కడివాళ్లు దాన్ని డ్యామ్ అంటారు. కొర్లయ్యకి ఆ మాట నోటికి పట్టలేదు, "సప్ప సంద్రం" అంటాడు. ఉప్పు లేదని ఆ నీటి మీద ఆయనకెప్పుడూ చిన్నచూపే.

చచ్చిన లారీ బ్యాటరీ పలకలు కొన్ని, వాళ్ల నాన్న విసురువల అంచుకి వేలాడిన సీసపు గుళ్లు కొన్ని, అన్నీ కలిపి ఇనప మూకుట్లో కరిగించాడు. ఇసకలో సొర బుర్ర అదిమి గుంట చేసి అందులో పోశాడు. ఇసకలో చెమ్మ ఎక్కువైనట్టుంది, నేను చిటపటమని ఎగిరి ఆయన పాదం మీద పడ్డాను. పుడుతూనే కన్నవాడి కాలు కాల్చిన ఘనత నాది. కొర్లయ్య కాలు పట్టుకుని గెంతుతూ బూతులు తిట్టాడు, ఆయన పెళ్లాం నూకాలు కడుపుబ్బా నవ్వింది. ఆమె అంతగా నవ్వడం మళ్లీ నేను చూళ్లేదు.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి కాస్త చెప్పాలి. దీన్ని లాగుడు గాలం అంటారు. నూకాలు ముందు కూర్చుని తెడ్డు వేస్తుంది, కొర్లయ్య వెనక కూర్చుని బారెడు బారెడుగా నైలాను తాడు నీళ్లలోకి వదులుతాడు. తాడు చివర నేను. నాకు కాస్త పైన పక్కకి ఒక సన్న తాడు, దాని కొసన గాలం, గాలం పక్కన స్టీలు చెంచా కోసి చేసిన రేకు. పడవ సాగుతుంటే ఆ రేకు చేపపిల్లలాగా తళతళలాడుతుంది. అడుగున కాపేసిన వాలుగ చేప అది చూసి నోరు తెరుస్తుంది. లోతుకి దించేది నేను, అక్కడ నిలబెట్టేది నేను. నేను లేకపోతే ఆ రేకు నీటి మీద తేలుతూ కొంగలకి షోకు చూపించుకోవాల్సిందే. అయినా వాలుగ పడగానే కొర్లయ్య ఎవర్ని ముద్దు పెట్టుకుంటాడనుకున్నారు? రేకుని! సొమ్మొకడిది, సోకొకడిది. నన్ను మాత్రం పడవ అడుగున దబ్బుమని పడేస్తాడు.

పడేస్తే పడేశాడు, ఆయన వేలంటే మాత్రం నాకు ప్రాణం. తాడు ఎప్పుడూ ఆయన చూపుడువేలి మీదుగా పోయేది. రాయి తగిలితే నేను టక్కుమంటాను, బురద తగిలితే మెత్తగా కూర్చుంటాను, చెట్టు కొమ్మ తగిలితే గీరుతాను, అదంతా ఆ వేలికి తెలిసిపోతుంది. "ఇక్కడ ఇసకుందే" అనేవాడు పైన. వెలుగు రాని నీళ్లలో, చేపలు కూడా పక్కకి తప్పుకునే చోట, ఒక్కదాన్నే వేలాడుతుంటే పైనెక్కడో నా మాట వింటున్న వేలు ఒకటుందని ధైర్యంగా ఉండేది. నాకున్న చుట్టరికం అదొక్కటే.

ఆ సప్ప సంద్రం అడుగున ఒక అడవి ఉంది. ఆనకట్ట కట్టినప్పుడు నరకకుండా వదిలేసిన చెట్లు, ఖాళీ అయిన పల్లెల మొండిగోడలు అలాగే నిలబడి ఉన్నాయి. గుండు పోయి ఏ కొమ్మ చీలికలోనో ఇరుక్కుందంటే ఇక రాదు. అందుకని ఇక్కడికి ముందొచ్చిన జాలరులు ఒక ఉపాయం కనిపెట్టారు. తాడంతా గట్టిది వాడినా, గుండుని మాత్రం దానికి ఒక పుచ్చు దారంతో కడతారు. ఇరుక్కుని గట్టిగా లాగితే దారం పుటుక్కుమంటుంది, గుండొక్కటే పోతుంది, తాడూ గాలం చేపా పైకి వచ్చేస్తాయి. దీనికి వాళ్లు పెట్టిన పేరు ఒగ్గుముడి. ఒగ్గేయడం అంటే వాళ్ల మాటలో వదిలేయడం. మొగుడు ఒగ్గేసిన ఆడది అంటారు, కొడుకులు ఒగ్గేసిన ముసలిది అంటారు. అలాంటి మాట తెచ్చి నా జాతి మెడకి కట్టారు చూడండి!

కొర్లయ్య మాత్రం ఒగ్గుముడి వేసేవాడు కాదు. తాడు నైలానే, నా కడియానికీ నైలానే. రెండు చుట్లు తిప్పి, కొసని ఎడమవైపు లోపలికి దోపి, పళ్లతో లాగి బిగించేవాడు. "మా అయ్య సెప్పినాడు. ముడేసినోడు సచ్చినా ముడి ఊడకూడదని" అనేవాడు. నాకు ఒళ్లంతా గర్వంగా ఉండేది. పక్క పడవల్లో గుళ్లు నూలుదారానికి వేలాడుతుంటే వాటిని చూసి జాలిపడేదాన్ని.

ఆ ముడిని చూస్తే నూకాలుకి మాత్రం ముద్ద దిగేది కాదు.

నూకాలు కొర్లయ్యకి మారుమనువు పెళ్లాం. మొదటి మొగుడు సముద్రంలో పోయాడు. అలలో లంగరు దించుతుంటే తాడు కాలికి చుట్టుకుంది, లంగరుతో పాటే కిందికి వెళ్లిపోయాడు. మర్నాడు పైకి లాగితే తాడు చెక్కుచెదరలేదట. ఈ సంగతి ఆమె ఒకసారి పక్క గుడిసె ఆడమనిషికి చెబుతుంటే పడవలో పడి ఉన్న నేను విన్నాను. "తాడు మంచిదే వొదినా, ముడీ మంచిదే. మడిసే మిగల్లేదు" అంది. ఏడవలేదు. వల్లో పురికొసలు తెంపుకుంటూ చెప్పింది.

అందుకే రోజూ అదే పోరు.

"మావా, గుండుకి సన్న దారం కట్టు."

"ఎందుకే?"

"పట్టేస్తే తెగిపోద్ది. గుండు పోద్ది, మనం ఉంటాం."

"తెగిపోయే ముడేసినోడు జాలరేటే? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. నా కోసం ఏడిసేవోళ్లని ఒకసారి సూసినాను, సాలు."

ఒకరోజు కొర్లయ్యకి విసుగెత్తి నోరు జారాడు. "మొదటోడు ఎల్లిపోనాడని నన్ను కూడా ఇప్పుడే ఒగ్గేద్దారని సూత్తన్నావేటి?" అన్నాడు. నూకాలు తెడ్డు అందుకుంది. ఆ పూటంతా తెడ్డు చప్పుడే. ఆయన రెండుసార్లు దగ్గాడు, ఒకసారి ఎండ గురించి ఏదో అన్నాడు. మీ మగవాళ్లు క్షమించమని అడగడానికి ఎండనీ వాననీ ఎందుకు పిలుస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మర్నాడు పొద్దున్న కొర్లయ్య గుడిసె ముందు కూర్చుని చద్దన్నం తింటున్నాడు. నూకాలు పడవలోకి వచ్చింది, నన్ను ఒళ్లో పెట్టుకుంది. చేప కోసే కత్తితో నా కడియం దగ్గర నైలాను కోసేసింది. తన పాత నూలు చీర అంచు నుంచి ఒక పీలిక చింపి, పేని, దానితో నన్ను తాడుకి కట్టింది. కట్టి, పడవకి రాసే తారు వేలితో తీసి ఆ పీలికకి పూసింది, నల్ల నైలానులాగా కనపడాలని. నాకు తిక్క రేగిపోయింది. కొర్లయ్య చేతి ముడిలో రాజాలా బతికినదాన్ని, పాత చీర పీలికకి దిగజారానా అని. చెప్పడానికి నోరేదీ? నూకాలు మాత్రం నన్ను పడవ అడుగున పడెయ్యలేదు. మెల్లగా పెట్టింది.

ఆ రోజు పొద్దెక్కాక పెద్ద వాలుగ పడింది. అలాంటి లాగుడు నా బతుకులో ఎరగను. కొర్లయ్య కేక పెట్టాడు. చేప చేజారిపోతుందేమోనని తాడు మణికట్టుకి రెండు మెలికలు చుట్టేసుకున్నాడు. ఎంత పెద్ద జాలరికైనా పెద్ద చేప కనపడితే బుద్ధి గట్టున ఉండిపోతుంది. చేప నన్ను ఈడ్చుకుంటూ మునిగిన చెట్లలోకి దూరింది. ఒక మోడు చీలికలో నేను అడ్డంగా ఇరుక్కున్నాను. సరిగ్గా అప్పుడే కొండల వైపు నుంచి గాలి లేచింది. పడవ అడ్డం తిరిగింది. గాలి పడవని అటు తోస్తుంటే నేను ఇటు పట్టుకుని ఉన్నాను, మధ్యలో ఆయన చెయ్యి.

అక్కడ చెట్లు నీటి పైకంటా లేచి ఉన్నాయి, నేను ఇరుక్కున్నది పై కొమ్మల్లోనే, అందుకని పైన జరిగేదంతా నాకు మసకగా కనపడుతూనే ఉంది. పడవ అంచు వంగి నీళ్లు లోపలికి దూకుతున్నాయి.

"ఒగ్గీ మావా! ఒగ్గీ!" అని నూకాలు అరుస్తోంది.

"రాట్లేదే! సెయ్యి కోసుకుపోతంది!"

ఆమె తెడ్డు వదిలేసి ఆయన నడుముకి చేతులు చుట్టి వెనక్కి లాగింది. ఆయన ఒరిగిపోయాడు, మోచేతి దాకా చెయ్యి నీళ్లలోకి వచ్చేసింది. నాకు తెలిసిన ఆ వేలు నా వైపే దిగుతోంది. అమ్మా, నేను పుట్టాక మొదటిసారి నా బరువు చూసి నాకే భయమేసింది. నేను రానంటే రాను, ఆ కొమ్మ నన్ను వదలదు. ఆ వేలు ఇంకో బారెడు దిగితే చాలు.

పీలిక తెగింది.

అంతే, తాడు సర్రున పైకి పోయింది. నేను చీలికలోంచి జారి కిందికి, ఇంకా కిందికి పడుతూ పైకి చూశాను. పడవ ఒక పక్క ఇంకా నీళ్లలోనే ఉంది. ఆ తర్వాత నీళ్లు చీకటైపోయాయి. పడవ నిలబడిందా, బోర్లా పడిందా? తెగిన తాడు కొసన పీలిక చూసి ఆయన ఏమన్నాడు? కొట్టాడా, తిట్టాడా? అసలు అనడానికి ఆయన ఉన్నాడా? ఇన్నాళ్లూ వాళ్ల పోరంతా విన్నదాన్ని, తీరా తీర్పు చెప్పే వేళకి నేను అక్కడ లేకుండా పోయాను.

పడటం ఒక పాడుబడ్డ ఇంటి వాకిట్లో పడ్డాను. పక్కన ఒక రోలు ఉంది. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందంటారు. ఇక్కడ నేనే రోలుతో మొరపెట్టుకుందామంటే అది పలకదు, దాని కడుపు నిండా ఒండ్రు. నా కడియానికి మిగిలిన పీలిక ముక్కని జెల్ల చేపలు కొరికి తినేశాయి. ఆ తర్వాత తాడూ బొంగరం లేనిదాన్నయ్యాను. నిజంగానే.

ఎన్ని వానాకాలాలు పోయాయో తెలియదు. వరద వచ్చినప్పుడు నీళ్లు ఎర్రబడతాయి, మళ్లీ తేటపడతాయి. పైన పడవలు పోతూనే ఉంటాయి. మొదట్లో ప్రతి తెడ్డు చప్పుడికీ చెవులు రిక్కించేదాన్ని, అది నూకాలు తెడ్డేమోనని. ఇంత లోతులో అన్ని తెడ్లూ ఒకలాగే వినిపిస్తాయి. ఎవరి చెయ్యీ తాకకుండా ఉండటం కష్టం కాదు, అలవాటవుతుంది. వాళ్లు ఉన్నారో లేదో తెలియకపోవడమే అలవాటు కాలేదు. ఒక్కోసారి అనిపించేది, ఆవిడకి మళ్లీ అదే గతి పట్టిందేమో, ఈసారి ఆ లంగరుని నేనేనేమో అని.

మొన్న ఒక గుండు పడింది. పైనుంచి గిరగిరా తిరుగుతూ వచ్చి నా పక్కనే ఒండ్రులో కూరుకుపోయింది. కొత్తది, ఇంకా మెరుపు పోలేదు. పడీ పడగానే రాగం మొదలుపెట్టింది.

"చూశావా అన్యాయం! కొమ్మకి ఇలా తగిలానో లేదో, ఒక్క గుంజు గుంజాడు, ఒగ్గేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు. కాస్త ముందుకీ వెనక్కీ ఆడించి చూస్తే వచ్చేదాన్ని కదా!"

 దాని కడియం వైపే చూస్తున్నాను. అక్కడ నూలు పీలిక ఉంది, చీర అంచుది. దానికి వేసిన ముడి రెండు చుట్లు తిరిగి, కొస ఎడమవైపు లోపలికి దోపి ఉంది.

"నిన్నెవరు కట్టారు?" అని అడిగాను. ఎన్నాళ్లకో మాట్లాడాను కదా, గొంతు నాకే కొత్తగా ఉంది.

"ముసలాయన. చేతి మీద పెద్ద మచ్చ ఉంది, కడియం పెట్టుకున్నట్టు మణికట్టు చుట్టూ. పళ్లు లేవు, చిగుళ్లతోనే లాగి బిగించాడు. వాళ్లావిడ పీలిక చింపి ఇచ్చింది."

"చింపి ఇస్తే ఏమన్నాడు?"

కొత్త గుండు మూతి ముడుచుకుంది. "ఏమన్నాడా! ఆ పీలికని రెండు చేతుల్తో గుంజి చూసి, ఆవిడకే తిరిగిచ్చేశాడు. 'ఇది గట్టిగా ఉందే నూకాలూ, ఇంకా పాత సీర సూడు' అన్నాడు."

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పలేను, సీసానికి రెండూ పైకి కనపడవు. ఆ మాట ఇంకోసారి చెప్పమన్నాను. అది విసుక్కుంటూ చెప్పింది. మళ్లీ చెప్పమన్నాను.