దీపం తీసేసిన పడవ

పడవ నడిపేవాడు గనక, రేవులో అందరూ ఆయన్ని సరంగు అనే పిలుస్తారు. నిన్న అవతలి ఒడ్డున పడవ ఆయన పరువు తీసింది. తాళం తిప్పితే ఇంజను కిమ్మనలేదు. చివరికి ఇంకో పడవ వచ్చి, ప్రయాణికులతో సహా తాడు కట్టి లాక్కొచ్చింది. రేపటికల్లా బాగుచేయకపోతే పడవని తిప్పనిచ్చేది లేదని రేవు ఆఫీసువాళ్లు కచ్చితంగా చెప్పేశారు.

పడవ ఆగిపోతే ఆయనకి మిగిలేది ఇల్లు. ఆ ఇంట్లో రెండు కుర్చీలు, ఒక మనిషి. భార్య పోయిన దగ్గర్నుంచి అటు వెళ్లాలంటే ఆయనకి కాళ్లు రావు. పడవలోనే పడుకుంటున్నాడు.

బావమరిది దూరాన ఇంకో రేవులో పడవల కరెంటు పని చేస్తాడు. అక్క పోయాక ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తెలియక ఫోన్లు తగ్గిపోయాయి. ఇవాళ గత్యంతరం లేక, మొహమాటం చంపుకుని, సరంగే ఫోన్ చేశాడు.

"ముందు ఇంజను గది మూత తీసి గాలి ఆడనివ్వండి బావా. చేతికి ఉంగరం ఉందా?"

"ఉంది."

"తీసేయండి. బ్యాటరీ దగ్గర రెంచి దానికి తగిలిందంటే వేలు కాలిపోతుంది."

ఉంగరం రావడానికి సబ్బునీళ్లు కావలసి వచ్చాయి. సరంగు దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. వేలు బోసిగా ఉండిపోయింది.

బెల్టు బిగువుగానే ఉంది. బ్యాటరీకి బిగించిన వైర్లు శుభ్రంగానే ఉన్నాయి. తన తిండీ నిద్రా ఎలా తగలడినా, పడవని మాత్రం ఆయన కంటికి రెప్పలా చూసుకుంటాడు. రాత్రంతా ఒడ్డు కరెంటుతో చార్జి చేసిన బ్యాటరీ మీటరులో పన్నెండున్నర వోల్టులు చూపించింది. ఇంజను నడుస్తుంటే అది పద్నాలుగు వైపు ఎక్కాలి. ఇంజను వేసి చూస్తే, ఎక్కకపోగా కిందికి జారింది.

"నడుస్తుండగానే బ్యాటరీ వైరు పీకి చూస్తానుండు. లైట్లు ఆరిపోతే బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరు పోయినట్టే. మా గురువు అలాగే చూసేవాడు" అన్నాడు సరంగు.

"అంతపనీ చేయకండి! అలా పీకితే బాగున్న ఆల్టర్నేటరు కూడా కాలి కూర్చుంటుంది. మీ గురువుగారు ఎన్ని తగలబెట్టారో!"

సరంగుకి నవ్వొచ్చింది. నవ్వి చాన్నాళ్లయిందేమో, ఆ నవ్వు ఆయనకే కొత్తగా వినిపించింది.

"ఇంజను ఆపండి. బెల్టు పూర్తిగా ఆగాక, తాళం మాత్రం తిప్పి, ఆల్టర్నేటరు వెనక సన్నవైరు మీద మీటరు పెట్టండి."

"సున్నా."

"ఆ వైరు పైన చుక్కాని చక్రం దగ్గరున్న మీ ఎర్రదీపం నుంచే వస్తుంది. తాళం తిప్పితే అది వెలుగుతోందా?"

సరంగు మీటరు కింద పెట్టేశాడు.

ఆ దీపం ఆయన భార్యది. పాతికేళ్లు ఆయన కింద ఇంజను దగ్గర, ఆమె పైన చక్రం దగ్గర. తాళం తిప్పి "ఎర్రగా ఉంది!" అని కేకేసేది. ఇంజను అందుకోగానే "ఆరింది, ఇక పదండి!" అనేది. ఆమె పోయాక ఆయనే తాళం తిప్పుకుంటూ, అలవాటుకొద్దీ ఆ కేక కోసం ఆగేవాడు. దీపం వెలిగేది, ఆరేది, ఎవరూ ఏమీ అనేవారు కాదు. పోయిన వారం ఉక్రోషం పట్టలేక బల్బు ఊడబీకి సొరుగులో పడేశాడు. ఉత్త దీపమే కదా అనుకున్నాడు.

"బల్బు నేనే తీసేశానురా."

"ఎందుకు?"

"చూడలేకపోయాను."

బావమరిది గొంతు తగ్గించి చెప్పాడు.

"దాన్లోంచి వెళ్లే కాస్త కరెంటుతోనే ఆల్టర్నేటరు మేలుకుంటుంది బావా. అది లేకపోతే ఎంత తిరిగినా దండగే. తాళం ఆపి, బల్బు మళ్లీ పెట్టేయండి."

పెట్టాడు. తాళం తిప్పితే ఎర్రటి చుక్క వెలిగింది. చెప్పేవాళ్లు లేరు గనక, తనే చెప్పాడు. "ఎర్రగా ఉంది."

ఇంజను అందుకుంది. కాస్త వేగం పెంచగానే దీపం ఆరింది. రెండో మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మెట్లు దిగి మీటరు చూశాడు. పద్నాలుగు దాటింది. ఆ మాట చెబితే ఫోన్లో బావమరిది చిన్నపిల్లాడిలా కేరింత కొట్టాడు.

సరంగు ఉంగరం తొడుక్కున్నాడు. మూత వేసి, పైకొచ్చి, కట్టుతాడు విప్పి చక్రం పట్టుకున్నాడు.

"ఆరింది" అన్నాడు మెల్లగా. "ఇక పదండి."

"ఎవర్ని బావా?"

"ఎవర్నీ కాదురా."

పడవ కదిలింది. ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టేయలేదు.