పాటు నీళ్లు

నడుములోతు నీళ్లలో రత్తమ్మ వల నెట్టుకుంటూ వస్తోంది. రెండు వెదురు కర్రల మధ్య బిగించిన దోమతెర గుడ్డే ఆ వల. కొంతదూరం నెట్టి, పైకెత్తి, గట్టు మీదున్న సత్తు బేసిన్‌లో దులిపింది. గొంతుక్కూర్చుని ఆల్చిప్పతో నీళ్లు తీసి చూసింది. పీతపిల్లల మధ్య, నలిగిన ఆకుల మధ్య ఒక గోధుమరంగు దారప్పోగు కదిలింది. అది టైగర్ రొయ్యపిల్ల. దాన్ని కుండలో వేసి, మిగతాదంతా మళ్లీ ఏట్లోకి వదిలింది.

రేపల్లెకు దిగువన, నిజాంపట్నం వైపు మడ అడవిలో ఉందా ఏరు. పోటుకు సముద్రం అడవిలోకి ఎక్కుతుంది, పాటుకు దిగిపోతుంది. దిగేటప్పుడు నీళ్లు టీ రంగులో ఉంటాయి. పండిన మడ ఆకులు వాటి మీద పచ్చగా తేలుతూ పోతాయి.

రత్తమ్మకు యాభై దాటాయి. ఎప్పుడూ నానుతూ ఉండడం వల్ల పాదాల చర్మం తెల్లబడి, వేళ్ల సందులు ఒరిసిపోయాయి. మొగుడు పచ్చకామెర్లతో పోయినప్పుడు ఆడపిల్లలిద్దరూ చిన్నవాళ్లు. పీతలు పట్టి వాళ్లను పెంచింది. ఇటు రొయ్యల చెరువులు వచ్చాక వాటికి రొయ్యపిల్ల పట్టి అమ్మి పెళ్లిళ్లు చేసింది. పెద్దది రేపల్లెలో, చిన్నది వాడరేవులో కాపురాలు చేసుకుంటున్నారు. ఇప్పుడు ఆమెకు తోడు పక్క గుడిసెలోని తోడికోడలు ధనమ్మ.

"పిన్నీ, ఇటొక చెయ్యి వేస్తావా?" అని పిలిచాడు వరప్రసాదం. బాపట్ల కాలేజీలో పాఠాలు చెప్పే కుర్రాడు. ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి వారానికోసారి వచ్చి, ఏరు సన్నబడే చోట అడ్డంగా వల కట్టి, పాటుకు కొట్టుకుపోయే ఆకును పట్టి తూస్తున్నాడు. సీసాల్లో నీళ్లు కూడా పట్టుకెళ్తాడు. వల రెండో కొస పట్టుకునేది రత్తమ్మే.

"ఈ చెత్త ఏం చేసుకుంటారు సారూ?"

"ఎండిన ఆకులో దాదాపు సగం బొగ్గే పిన్నీ. చెట్టు దాన్ని గాల్లోంచి తీసుకుంటుంది. ఆకు రాలాక ఈ నీళ్లు సముద్రానికి మోసుకుపోతాయి. కంటికి కనపడే ఆకు కొంతే. నానిపోయి, నీళ్లలో కలిసిపోయేది ఇంకా ఉంటుంది. ఆ రంగు అదే."

"బొగ్గయితే పొయ్యిలోకి పనికొచ్చేది గదండి," అంది రత్తమ్మ.

వరప్రసాదం గట్టిగా నవ్వాడు. "పొయ్యిలోకి కాదు, రొయ్య పొట్టలోకి. కుళ్లిన ఆకు మీదే రొయ్యపిల్ల బతుకుతుంది."

వల బరువెక్కుతుండగా కట్ట మీద జీపు ఆగింది. తెనాలి నుంచి వచ్చిన సీతారామాంజనేయులు దిగాడు. రత్తమ్మ పట్టే పిల్ల పోయేది ఈయన చెరువుల్లోకే. ఏటి నోటి దగ్గర నిలబడి, డ్రైవరుకు చెయ్యి చాపి చూపించాడు. "రేపు మట్టి తవ్వే ప్రొక్లెయిన్ వస్తుంది. ఇక్కణ్నుంచి అక్కడికి కట్ట వేసేయాలి."

వల కొస రత్తమ్మ చేతిలో వదులైంది. ఆయనతో తలెత్తి మాట్లాడింది ఏనాడూ లేదు. బురదకాళ్లతోనే గట్టెక్కింది.

"బాబుగారూ, ఈ నోరు మూసేస్తే పిల్ల ఎక్కణ్నుంచొస్తదండి?"

"ఇప్పుడు పిల్లను పొదిగించే హేచరీలొచ్చాయి రత్తమ్మా. విశాఖపట్నం నుంచి సంచుల్లో వస్తుంది. నీకింక ఏట్లో నానే పని తప్పిందనుకో."

"నానకపోతే ఏం తినాలండి?"

ఆయన చూపు తిప్పుకున్నాడు. "చెరువు మీద మేత చల్లే పని ఇస్తాలే."

"నాకొక్కదానికి ఇస్తారు. ఈ ఏటి మీద బతికే ఇళ్లు ఇంకా ఉన్నాయండి. పాటు నీళ్లు పోను దారన్నా ఉంచండి."

వరప్రసాదం కూడా ఏదో చెప్పబోయాడు. "ఇది పట్టా భూమి సార్," అని ఆయన అక్కడే ఆపేశాడు. మళ్లీ రత్తమ్మ వంక చూసి, "సరే, తూము పెట్టిస్తాను. ఇంక గొడవ చెయ్యకు," అని జీపెక్కాడు.

జీపు కనుమరుగయ్యేదాకా రత్తమ్మ అక్కడే నిలబడింది. మొహంలో వెలుగు దాగలేదు. కిందికి దిగి, పీతలు ఏరుకుంటున్న ధనమ్మకు, "తూము పెడతానన్నాడే!" అని చెప్పింది.

"పెట్టినప్పుడు చూద్దాంలే అక్కా."

మధ్యాహ్నం వరప్రసాదం ఆకు మూట సైకిలుకు కట్టుకుని వెళ్లిపోయాడు. రత్తమ్మ ఇంకో నాలుగు సార్లు వల నెట్టింది. ఎడమ చెయ్యి లాగుతోందని ధనమ్మతో అని గట్టెక్కి, మడ చెట్టుకు వీపు ఆనించి కూర్చుంది. కుండ మీద తడిగుడ్డ కప్పి, అందులో పిల్ల కదులుతోందో లేదో ఒకసారి చూసుకుంది. ఏట్లో నీళ్లు బాగా తీసేశాయి. బురదలోంచి మడ వేళ్లు బయటపడ్డాయి.

పీతలు ఏరుకుంటూ అవతలికెళ్లిన ధనమ్మ తిరిగొచ్చేసరికి పోటు మొదలైంది. నీళ్లు రత్తమ్మ మడమలను తాకుతున్నాయి.

"అక్కా, పోటెక్కుతుంది, లే."

రత్తమ్మ లేవలేదు. ధనమ్మ భుజం పట్టి కదిపింది, తర్వాత పక్కనే బురదలో కూలబడింది. అరిచి మనుషుల్ని పిలిచేముందు, కుండలోని పిల్లను ఏట్లోకి వంచేసింది.

మట్టిపని ఒక రోజు ఆగింది. ఆ మర్నాడు ఏరు మూసేశారు. సీతారామాంజనేయులు మాట తప్పలేదు, తూము పెట్టించాడు. కాని దాని తలుపు చెరువు వైపు నుంచి మాత్రమే తెరుచుకుంటుంది, చెరువుకు కావలసినప్పుడే తెరుస్తారు.

తర్వాతి వారం వరప్రసాదం వచ్చాడు. పాటువేళే, కాని కట్టకు లోపల నీళ్లు కదలడం లేదు. రాలిన ఆకు చెట్ల మొదళ్ల దగ్గరే మందంగా పేరుకుంది. ధనమ్మ చెబితే అతనికి సంగతి తెలిసింది. సంచిలోంచి వల తీయకుండా కాసేపు గట్టు మీద నిలబడ్డాడు. ఇంటికెళ్లేటప్పుడు కట్టుకుందామని ఆఖరి రోజు పొద్దున రత్తమ్మ తగిలించిన పొడి చీర, మడత విడకుండా మడ కొమ్మ మీద ఉంది.